చిన్న మాటల ఇంగ్లీషు

నేను ఇంగ్లీషు శాఖవాణ్ణి కాను. రసాయనశాస్త్రం చెప్పుకుని బతికేవాణ్ణి. "ఇంగ్లీషు నుడికారం గురించి రాయడానికి మీకేం అర్హత వుంది మాస్టారూ" అని ఎవరైనా అడిగితే, అది రాక పడ్డ అవస్థే నా అర్హత అని మనవి చేసుకుంటాను.

విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు మా శాఖకు సంబంధించిన విషయమే రాద్దామనుకున్నాను. కాని ఆ వారమే జరిగిన ఒక సంఘటన మనసులోంచి పోవడం లేదు. అదే రాస్తాను.

మా విభాగంలో ఎమ్మెస్సీ ఆఖరు సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె వుంది. పల్లెటూరి పిల్ల. ఇంటర్మీడియెట్ దాకా తెలుగు మీడియం. తన ఊళ్ళో బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎంత వుందో, ఏ కాలంలో పెరుగుతోందో చూడడం ఆమె ప్రాజెక్టు. ఆర్నెల్లపాటు వారం వారం బస్సులో సీసాలు మోసుకొచ్చి, ల్యాబు మూసేదాకా కూర్చుని, నేను వొద్దన్నా ప్రతి కొలతా మూడేసిసార్లు తీసింది. అలాంటి పిల్ల క్యాంపస్ ఇంటర్వ్యూకి కూర్చుంది. ఎదురుగా వున్న పెద్దమనిషి ఎంతో మర్యాదగా, నవ్వుతూనే, "వాక్ మీ త్రూ యువర్ ప్రాజెక్ట్" అన్నాడు. అమ్మాయి లేచి నిలబడింది. తలుపు వైపు రెండడుగులు వేసి, "సర్, ల్యాబ్ ఈజ్ ఇన్ అదర్ బ్లాక్" అంది.

గదిలో వున్న ముగ్గురూ నవ్వారు. దుర్మార్గపు నవ్వేం కాదు, ఎవరికైనా వచ్చేదే. కాని ఆ తరవాత ఆ పిల్ల నోరు విప్పలేదు. అడిగినవాటికల్లా "ఎస్ సర్, నో సర్" అని కూర్చుంది. ఫ్లోరైడు సంగతి ఆ గదిలో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆమె. అయిదు నిమిషాల్లో పంపేశారు.

విభాగం తరఫున నేనూ ఒక మూల కుర్చీలో కూర్చునే వున్నాను. "ప్రాజెక్టు మొదటినుంచి చివరిదాకా చెప్పమంటున్నారమ్మా" అని తెలుగులో ఒక్కమాట అందిస్తే సరిపోయేది. బయటివాళ్ళ ముందు బాగుండదేమోనని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే ఇప్పుడు నాచేత ఈ నాలుగు ముక్కలూ రాయిస్తోంది.

మర్నాడు అమ్మాయిని పిలిచి అడిగాను, ఇంటర్వ్యూకి ఏం తయారయ్యావమ్మా అని. సంచిలోంచి ఒక గైడు తీసి చూపించింది. వందలకొద్దీ ఇంగ్లీషు జాతీయాలు, వాటి పక్కన తెలుగు అర్థాలు. నాలుగు నెలలుగా రోజుకు పది చొప్పున బట్టీ పట్టిందిట. పెన్సిలు గీతలు చూస్తే నిజమేననిపించింది. "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అంటే కుండపోతగా వాన. "కిక్ ద బకెట్" అంటే చచ్చిపోవడం. "వైట్ ఎలిఫెంట్" అంటే దండగమారి వ్యవహారం. అన్నీ వచ్చు. "వాక్ త్రూ" మాత్రం ఆ పుస్తకంలో లేదు. వాక్ తెలుసు, త్రూ తెలుసు, రెండూ రెండో తరగతి మాటలేనాయె! వాటికి కూడా అర్థం వెతుక్కోవాలని ఎవరికి తోస్తుంది?

నేను చెప్పదలచుకున్నది ఇదే. మనకు రానిది పెద్ద ఇంగ్లీషు కాదు. పెద్ద ఇంగ్లీషు మనకు కావలసినంత వచ్చు. మనల్ని నలుగురిలో నిలబెట్టి పరువు తీసేవి చిన్న మాటలు, మనకు తెలుసునని మనం అనుకునే మాటలు.

ఆ పిల్లులూ కుక్కల వాన సంగతి కాస్త చెప్పుకోవాలి. మన హైస్కూలు రోజులనుంచి ప్రతి గైడులోనూ మొదటి పేజీలోనే కురుస్తూ వుంటుంది గదా. ఈ పలుకుబడి ఇప్పుడున్న రూపంలో 1738లో జోనాథన్ స్విఫ్ట్ అచ్చువేసిన సంభాషణల పుస్తకంలో కనబడుతుంది. ఆయన ఆ పుస్తకం ఎందుకు రాశాడనుకున్నారు? లండను పెద్దింటి ఆడవాళ్ళూ మగవాళ్ళూ సొంతబుర్ర వాడకుండా, అరిగిపోయిన పలుకుబళ్ళతోనే పొద్దుపుచ్చుతున్నారని వెక్కిరించడానికి. అంటే మూడు వందల ఏళ్ళ కిందటే పాచిపోయిన మాట అని ఒక మహానుభావుడు నవ్విన దాన్ని మన పిల్లలు తెల్లవారుజామున లేచి వల్లె వేస్తున్నారు. ఇంగ్లీషువాళ్ళు ఆ మాట అసలు అనరని నేననను, అప్పుడప్పుడు అంటారు. కాని వాన పడుతున్నప్పుడు మామూలు మనిషి అనే మాట "ఇట్స్ పోరింగ్". పోర్ అంటే పోయడం. మనం "వాన పోస్తోంది" అనమూ? ఎంత దగ్గరగా వుందో చూడండి. ఈ మాట మాత్రం గైడులో వుండదు. వింతగా లేదు కాబట్టి ఎవరూ ఎక్కించరు.

చిన్న మాటల బలం ఎంతో తెలియాలంటే ఆగ్డెన్ అనే ఆయన చేసిన ప్రయోగం చూడాలి. 1930లో ఆయన బేసిక్ ఇంగ్లీష్ అని ఒకటి తయారుచేశాడు. మొత్తం 850 మాటలు. వాటిల్లో క్రియలు 18 మాత్రమే. గో, కమ్, గివ్, గెట్, పుట్, టేక్, మేక్, కీప్ ఇలాంటివి. వీటితోనే ఏ సంగతైనా చెప్పవచ్చునన్నాడు. చెప్పవచ్చు, నిజమే. కాని అక్కడే ఒక తిరకాసు వుంది. "టాలరేట్" అన్న మాట ఆ జాబితాలో లేదు, కాబట్టి "పుట్ అప్ విత్" అనాలి. పుట్, అప్, విత్, ఈ మూడింటి అర్థాలూ కలిపి ఎన్ని కూడికలు వేసినా సహించడం అన్న అర్థం రాదు. లాటిన్ నుంచి దిగిన "టాలరేట్" మనకు సులువు, ఇంగ్లీషువాడి ఇంట్లో పసిపిల్లవాడికి "పుట్ అప్ విత్" సులువు. మనం ఇంగ్లీషులోకి సింహద్వారంలోంచి వెళ్ళాం, వాడు పెరటి దోవన పెరిగాడు.

ఏ నిఘంటువైనా తెరిచి "గెట్" అన్న మాట చూడండి. పేజీలు పేజీలు వుంటుంది. అందుకే మనం అటు చూడం. గెట్ అప్ అంటే లేవడం, గెట్ ఆన్ అంటే బస్సెక్కడం, గెట్ ఆఫ్ అంటే దిగడం, గెట్ ఓవర్ అంటే జ్వరంనుంచో దుఃఖంనుంచో తేరుకోవడం, గెట్ బై అంటే ఏదో వున్నదాంతో నెట్టుకురావడం, గెట్ అవే విత్ అంటే తప్పు చేసి కూడా దులుపుకుని పోవడం. "ఐ డోంట్ గెట్ ఇట్" అంటే నాకు బోధపడలేదు. ఇదేం భాషరా బాబూ అంటాడు మన కుర్రవాడు.

మరి మన "కొట్టు" సంగతేమిటి నాయనా? కొబ్బరికాయ కొడతాం. చెట్టు కొడతాం. చెరువులో ఈత కొడతాం, సభలో చప్పట్లు కొడతాం, గోడకు సున్నం కొడతాం, సైకిలుకు గాలి కొడతాం. చేనుకు మందు కొడతాం. సాయంత్రం నలుగురు చేరి మందు కొడితే దాని సంగతి వేరు. పాచిపోయిన కూర వాసన కొడుతుంది, లెక్చరు బోరు కొడుతుంది, క్లాసు ఎగ్గొడతాం, మెస్సు బాకీ ఎగ్గొడతాం, రైల్లో జేబు కొట్టేస్తారు. ఇంత చేసి చివరికి ఫస్టు క్లాసు కొడతాం. వీటిల్లో ఒక్కటైనా ఎవరమైనా జాబితా పెట్టుకుని నేర్చుకున్నామా? కొబ్బరికాయ కొట్టిన రోజు గుళ్ళో విన్నాం, గాలి కొట్టిన రోజు సైకిలు షాపులో విన్నాం. మాట, పని, చోటు మూడూ కలిసి వచ్చాయి కాబట్టి అంటుకుపోయాయి. గెట్‌కైనా పుట్‌కైనా వేరే దారి లేదు. ఒంటరి మాటగా నేర్చుకుంటే అది ఒంటరిగానే వుండిపోతుంది.

ఈ మధ్య క్లాసులో చిన్న పరీక్ష పెట్టాను, మార్కులు లేని పరీక్ష. కిరణజన్యసంయోగక్రియను ఇంగ్లీషులో ఏమంటారు అంటే క్లాసంతా ఒక్క గొంతుతో చెప్పింది. వెక్కిళ్ళను ఏమంటారు అన్నాను. నిశ్శబ్దం. గొళ్ళెం? పొలమారడం? గుండీ పెట్టుకునే కాజా? అరికాలి తిమ్మిరి? మళ్ళీ నిశ్శబ్దం. పాలు విరిగిపోతే అందులో జరిగే మార్పు పేరు "కోయాగ్యులేషన్" అని చెప్పారు, శభాష్. మరి ఇంట్లో అమ్మకి పాలు విరిగాయని ఇంగ్లీషులో చెప్పాలంటే? "ద మిల్క్ హ్యాజ్ టర్న్డ్" అన్న నాలుగు ముక్కలు ఎవరికీ రాలేదు. జల్లెడ అడిగితే ఒక కుర్రవాడు తల గోక్కుని గోక్కుని, "సార్, మన ల్యాబులో వుండే సీవ్ అంటే జల్లెడేనా?" అన్నాడు. వాడి మొహంలో వెలుగు చూడాలి! రెండేళ్ళుగా చేత్తో పట్టుకుంటున్న వస్తువు వాళ్ళమ్మ పిండి జల్లించుకునే జల్లెడేనని ఆ క్షణంలో తెలిసింది. గరాటు, పటకారు కూడా అంతే. ల్యాబులో ఫన్నెల్, టాంగ్స్. ఇంట్లో గరాటు, పటకారు. వాడి బుర్రలో ఈ రెంటికీ మధ్య గోడ కట్టింది ఎవరు? మనమే. లెక్చరర్లమే.

మీడియం గొడవ ఇక్కడ ఎత్తకండి. ఇంగ్లీషు మీడియంలో చదివి వచ్చినవాళ్ళకూ వెక్కిళ్ళు రాలేదు. అంటే, మాట రాలేదు.

ఇందులో నవ్వులాట కాని సంగతి కూడా వుంది. మన కళాశాల పాత విద్యార్థి ఒకడు విదేశంలో చదువుకోవడానికి వెళ్ళిన కొత్తలో ఒంట్లో బాగుండక ఆస్పత్రికి వెళ్ళాడు. తిండి సరిగ్గా లేదు, కళ్ళు తిరుగుతున్నాయి. తెలుగులో అనుకుని ఇంగ్లీషులో చెప్పాడు: "మై ఐస్ ఆర్ రొటేటింగ్". డాక్టరు పాపం కళ్ళలో టార్చి వేసి, అటు చూడు ఇటు చూడు అంటూ చాలాసేపు పరీక్ష చేశాడట. "ఐ ఫీల్ డిజీ" అన్న ఒక్క ముక్క తెలిస్తే పావుగంట ముందే గ్లూకోజు ఎక్కించేవారు. థర్మోడైనమిక్స్‌లో వీడికి నేనే నూటికి తొంభై మార్కులు వేశాను. "డిజీ" అన్న మాట చెప్పలేదు. సిలబస్‌లో లేదు మరి.

జాతీయాలు అసలు నేర్చుకోవద్దని నేననడం లేదు. అవి ఎక్కడినుంచి పుట్టాయో తెలుసుకుని నేర్చుకోవాలంటాను. ఇంగ్లీషువాళ్ళది చుట్టూ సముద్రం వున్న దీవి. ఓడల మీద బతికిన జాతి. అందుకే కొత్త పనిలో మెళకువలు పట్టుబడితే "లర్నింగ్ ద రోప్స్" అంటారు, తెరచాప తాళ్ళన్నమాట. నిర్ఘాంతపోవడాన్ని "టేకెన్ అబ్యాక్" అంటారు, ఎదురుగాలికి తెరచాప వెనక్కి వాలిపోవడం అది. మనవాళ్ళు ఎక్కువమంది ఏటి ఒడ్డున, చేను గట్టున బతికారు. కష్టం తీరితే గట్టెక్కాం అంటాం. పనికి అడ్డొచ్చేవాళ్ళను ఏరేస్తే కలుపు తీశాం అంటాం. పని చేయించుకుని మరిచిపోయినవాణ్ణి ఏరు దాటి తెప్ప తగలేశాడంటాం. "గట్టెక్కడం" అని గైడులో చదివి నేర్చుకునే ఇంగ్లీషువాడికి అది ఎంత కష్టమో ఓడ తాళ్ళు మనకు అంత కష్టం.

అయితే వాళ్ళ జీవితంలో మనకు పూర్తిగా తెలిసిన భాగం ఒకటుంది, క్రికెట్టు. హాస్టల్లో ఏ కుర్రవాణ్ణయినా అడగండి, "ఆన్ ద బ్యాక్‌ఫుట్" అంటే ఏమిటో, "స్టిక్కీ వికెట్" అంటే ఏమిటో, "స్టంప్డ్" అంటే ఎలా తెల్లబోవడమో అక్షరం ముక్క చదవకుండా చెబుతాడు. ఆట తెలుసు, అందుకని మాట వచ్చింది. జీవితం తెలిస్తే నుడికారం దానంతటదే వస్తుందనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

పుస్తకంలో భాష నేర్చుకుని వీధిలో మూగవాడై నిలబడ్డ అనుభవం మనకే వచ్చిందనుకుని కుమిలిపోనక్కరలేదు. సరిగ్గా ఇదే అనుభవం తెలుగు విషయంలో ఒక ఇంగ్లీషువాడికి వచ్చింది. 1907 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ దొర తెలుగు నేర్చుకున్నాడు. తీరా జనంలోకి వెళితే తాను చదివిన తెలుగు ఒకటి, వాళ్ళు మాట్లాడే తెలుగు ఇంకొకటి! ఇదేమిటని ఆయన విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలుగా వున్న పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. ఆ ప్రశ్న గిడుగు రామమూర్తి పంతులు దాకా, గురజాడ అప్పారావు దాకా వచ్చింది. తరవాత కథ, వ్యావహారిక భాషోద్యమం సంగతి, తెలుగు శాఖవారు నాకంటే బాగా చెబుతారు. నాకు ముచ్చటగా అనిపించేదల్లా ఒక్కటే. దొరగారు తన అవస్థకు సిగ్గుపడి మూల కూర్చోలేదు, తప్పు పుస్తకానిదని నిలదీశాడు. మన పిల్లలు అదే అవస్థలో పడి తప్పు తమదేననుకుంటున్నారు.

ఇక గిడుగువారు సవరభాష ఎలా నేర్చుకున్నారో చూడండి. ఆ భాషకు అప్పటికి లిపీ లేదు, వ్యాకరణమూ లేదు, గైడు మాట దేవుడెరుగు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతని నోటివెంట వచ్చిన మాటలు వింటూ రాసుకుంటూ నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. అలాంటి మనిషి పుట్టినరోజును ఏటా ఆగస్టు 29న దండలు వేసి జరుపుకుంటున్నాం. ఆయన పద్ధతి మాత్రం దండలతో పాటు గోడకే తగిలించాం.

మన ఇంగ్లీషును చూసి నవ్వేవాళ్ళ గురించి కూడా ఒక మాట చెప్పాలి. మనం "ఎగ్జామ్ రాశాను" అన్నదాన్ని అలాగే "ఐ రోట్ ద ఎగ్జామ్" అంటాం. ఉత్తరాదివాడు వాడి హిందీలో పరీక్ష "ఇస్తాడు" కాబట్టి "ఐ గేవ్ ద ఎగ్జామ్" అంటాడు. ఇంగ్లీషువాడు పరీక్ష "తీసుకుంటాడు", లేదా దానికి "కూర్చుంటాడు". ముగ్గురూ రాసింది అదే ప్రశ్నపత్రం. ఇందులో ఒకడు తెలివైనవాడు, ఇద్దరు తెలివితక్కువవాళ్ళు అనడం అన్యాయం. పోస్ట్‌పోన్‌కు ఎదురుగా మనదేశంలో వాడుకైన "ప్రీపోన్" ఈనాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లోనే వుంది. అంతెందుకు, మన పందికొక్కే "బ్యాండికూట్" అయి వాళ్ళ భాషలో కలుగు చేసుకుని కూర్చుంది. కాబట్టి "ఔట్ ఆఫ్ స్టేషన్" అన్నందుకో "కజిన్ బ్రదర్" అన్నందుకో మన పిల్లల్ని వేధించకండి. మన మధ్య అవి చక్కగా నడుస్తాయి.

కాని ఎక్కడ చెల్లుతాయో, ఎక్కడ చెల్లవో తెలిసి వుండడం మంచిది. ఊరి బస్సు పాసు వేరే జిల్లాలో చెల్లదు గదా. "ఐ పాస్డ్ అవుట్ ఇన్ జూన్" అంటే మనకు డిగ్రీ పుచ్చుకోవడం. అక్కడివాడికి మిలిటరీ కేడెట్లు శిక్షణ ముగించడమో, కాకపోతే జూన్‌లో మూర్ఛపోవడమో. "ఐ హ్యావ్ ఎ డౌట్" మరీ ప్రమాదం. మనకు సందేహం అంటే అడిగి తెలుసుకోవలసిన సంగతి, వినయంతో కూడిన మాట. పరాయిదేశపు ప్రొఫెసరు ఉపన్యాసం ముగించాక లేచి ఆ మాటే అంటే, మీరు చెప్పింది నేను నమ్మను అన్నట్టు వినబడుతుంది. "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అంటే చాలు. రెండు రూపాయి మాటల మధ్య తేడా ఎంత దూరం పోతుందో చూడండి.

ఇలాగే "అఫ్రెయిడ్". ఎవరైనా ఆఫీసరు "ఐ యామ్ అఫ్రెయిడ్ ద సీట్ ఈజ్ గాన్" అంటే ఆయన భయపడుతున్నాడని కాదు. మీకు సీటు లేదని మెత్తగా చెబుతున్నాడు. మనం తెలుగులో మెత్తదనాన్ని "అండి"లోనూ, "గారు"లోనూ, క్రియ చివర్లోనూ పెడతాం. వాళ్ళు "కుడ్ యు", "వుడ్ యు మైండ్", "ఐ వండర్ ఇఫ్" లాంటి చిన్నచిన్న ముక్కల్లో పెడతారు. అవి తెలియకపోతే ఎంత అణకువ గల కుర్రవాడైనా పొగరుమోతులా వినబడతాడు. "గివ్ మీ యువర్ పెన్" అని అడిగిన మా ఊరి పిల్లవాడి మనసులో "మీ పెన్ను ఒకసారి ఇస్తారాండీ" అనే వుంది. ఆ "ఆండీ"ని ఇంగ్లీషులో ఎక్కడ అతికించాలో వాడికెవరూ చెప్పలేదు.

మరి ఎలా నేర్చుకోవాలి అంటారు. ఈ బాధ కనిపెట్టి పనిచేసినవాళ్ళు లేకపోలేదు. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ప్రిన్సిపాలుగా వుండి, బెంగాలీ పిల్లలకు ఇంగ్లీషు చదవడం ఎలా నేర్పాలా అని మథనపడిన మైకేల్ వెస్ట్ 1953లో రమారమి 2000 మాటల జాబితా వేశాడు. ఒక్కొక్క మాటకున్న అర్థాలలో ఏది ఎంత వాడుకలో వుందో శాతాలతో సహా చూపించాడు. జపానులో ఇంగ్లీషు చెప్పడానికి 1924లో వెళ్ళిన హార్న్‌బీ, తన విద్యార్థులు ఎక్కడ తడబడుతున్నారో కళ్ళారా చూసి, ఇద్దరు సహచరులతో కలిసి నిఘంటువు తయారుచేశాడు. అది 1942లో, యుద్ధం మధ్యలో, టోక్యోలో అచ్చయింది. ఇవాళ మనం వాడే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లర్నర్స్ నిఘంటువుకు మూలం అదే. దాని విశేషమల్లా మాటకు అర్థం చెప్పి ఊరుకోకుండా ఆ మాటను వాక్యంలో ఎలా కూర్చోబెట్టాలో చూపించడం. మన లైబ్రరీలో ప్రతులున్నాయి. అట్టలు నలగలేదు. అది మెచ్చుకోవలసిన విషయం కాదు.

నాకు తోచిన పద్ధతి చాలా మోటుది. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. అందులో మాట రాయకండి, వాక్యం రాయండి. ఎక్కడ విన్నారో, ఎవరు ఎవరితో అన్నారో కూడా రాయండి. లేచిందగ్గర్నుంచి పడుకునేదాకా చేసే పనులు వరసగా ఇంగ్లీషులో చెప్పుకుంటూ పొండి. దుప్పటి మడతపెట్టడం, కుళాయి తిప్పడం, చొక్కాకు గుండీలు పెట్టుకోవడం, చిల్లర లేదన్న కండక్టరుతో గొడవ. ఎక్కడ ఆగిపోయారో అదే మీ సిలబస్. అది ఏ ఇద్దరికీ ఒకటి కాదు, కాబట్టి దానికి గైడు రాదు.

లెక్చరరు మిత్రులకు, నాతో కలిపి, ఒక విన్నపం. వైవాలో కుర్రవాడు బిక్కమొహం వేస్తే వెంటనే సున్నా చుట్టకండి. ప్రశ్నను వేరే మాటల్లో రెండోసారి అడగండి. అప్పటికీ కాకపోతే తెలుగులో అడగండి. తెలుగులో జవాబు చెబితే అది ఇంగ్లీషులో ఎలా అంటారో అక్కడికక్కడే చెప్పి, వాడిచేత ఒకసారి అనిపించండి. ఈ చివరిది చేయడానికి అర నిమిషం పడుతుంది. ముప్ఫయి ఏళ్ళ ఉద్యోగంలో ఆ అర నిమిషం నేను ఎంతమందికి ఇచ్చానని లెక్క చూసుకుంటే తల ఎత్తుకునేలా లేదు.

విద్యార్థి సంఘానికి కూడా ఒక సూచన. ఏటా వార్షికోత్సవానికి ఇంగ్లీషు వక్తృత్వ పోటీ పెడుతున్నారు. ఎవరో రాసిచ్చిన ఉపన్యాసం కంఠస్థం పట్టి, చెయ్యి గాల్లోకి ఎత్తి, ఊపిరి పీల్చకుండా అప్పజెబుతున్నారు. గెలిచినవాడి కప్పు ఇంట్లో బీరువా మీద దుమ్ము కొట్టుకుపోతుంది, ఇది ఇంకో కొట్టు! దాని బదులు ఒక ఏడాది ఇలా చేసి చూడండి. ఒకడికి రైల్లో పెట్టె పోయింది, స్టేషనులో ఫిర్యాదు ఇవ్వాలి. ఒకతెకు హాస్టలు గదిలో కుళాయి కారుతోంది, వార్డెనుకు చెప్పాలి. ఒకడు పంటి నొప్పి ఎలా వుందో, పోటా సలపరమా జివ్వుమనడమా, డాక్టరుకు వివరించాలి. ముందుగా రాసుకు రాకూడదు. బాగా చెప్పినవాడికి కప్పు వద్దు, నిఘంటువు ఇవ్వండి.

ఆ అమ్మాయికి వచ్చే నెల ఇంకొకచోట ఇంటర్వ్యూ వుంది. రోజూ సాయంత్రం అయిదింటికి ల్యాబుకు వచ్చి తన ప్రాజెక్టు నాకు ఇంగ్లీషులో చెబుతోంది, నేను అడ్డుప్రశ్నలు వేస్తున్నాను. అన్నిటికంటే ముందు "కుడ్ యు సే దట్ అనదర్ వే, ప్లీజ్" అన్న వాక్యం నేర్పాను, అర్థంకానప్పుడు లేచి నడవనక్కరలేకుండా. నాలుగు రోజులు సిగ్గుపడింది. మొన్న నా ప్రశ్న ఒకటి నాకే సరిగ్గా కుదరలేదు, మెలికలు తిరిగిపోయింది. అమ్మాయి తాపీగా పెన్ను కింద పెట్టి ఆ వాక్యమే నన్ను అడిగింది. ప్రశ్న మార్చి అడిగాను, జవాబు చెప్పింది. ఇంకెవరైనా రాదలిస్తే రావచ్చు. ల్యాబులో స్టూళ్ళు తక్కువ వున్నాయి, పక్క గదిలోంచి తెచ్చుకోవాలి.